ఒకే సూక్ష్మదర్శినితో తరగతి మొత్తానికి కణాన్ని చూపించడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “బీరువాలో సూక్ష్మదర్శిని ఉంది, ఉల్లిపొర స్లైడు కూడా చేశాం. పిల్లలు మాత్రం ఏమీ కనిపించడం లేదంటున్నారు. ఏం చేయాలి?” ఏమీ కనిపించలేదని చెప్పే పిల్లలు నిజానికి నయం. ఎక్కువ మంది “కనిపించింది సార్” అని తలూపి, పాఠ్యపుస్తకంలోని బొమ్మను రికార్డులోకి ఎక్కించేస్తారు. గాలిబుడగను చూసి అదే కణమనుకున్న పిల్లవాడు ఇంటర్ దాకా ఆ నమ్మకంతోనే వెళ్తాడు. అతన్ని సరిదిద్దే అవకాశం మళ్లీ ఎవరికీ రాదు.

అందుకే కింద చెప్పిందంతా ఒక్క పని కోసం. తరగతిలోని ప్రతి ఒక్కరూ కణాన్ని తమ కంటితో చూడాలి, చూసిందే గీయాలి, అది కణమేనని తామే తేల్చుకోవాలి. కణ సిద్ధాంతం, శాస్త్రవేత్తల పేర్లు, సంవత్సరాలు ఈ రోజుకు పక్కన పెట్టండి. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసింది ఖాళీ గదులనే అని ఉల్లిపొరను చూసిన మర్నాడు చెప్పి, “మీరు చూసినదానిలో, ఆయన చూసినదానిలో తేడా ఏమిటి?” అని అడగండి. చూసిన పిల్లలు జవాబు వాళ్లే చెబుతారు. చూడని పిల్లలకు అది బట్టీ పట్టవలసిన మరో వాక్యం మాత్రమే.

కావలసినవి

- సూక్ష్మదర్శిని. 10ఎక్స్ (పది రెట్లు పెద్దగా చూపే) అక్షి కటకం, అంటే కన్ను పెట్టి చూసేది, 10ఎక్స్, 40ఎక్స్ వస్తు కటకాలు, అంటే స్లైడు వైపు ఉండేవి, ఉంటే చాలు. 4ఎక్స్ కూడా ఉంటే పని మరింత సులువు. 100ఎక్స్ కటకం ఉన్నా ముట్టుకోకండి. దానికి ప్రత్యేకమైన నూనె కావాలి, ఈ పాఠానికి దాని అవసరమే లేదు.
- గాజు స్లైడ్లు, కవర్‌స్లిప్‌లు. నెల్లూరులో పొగతోట వైపు, ఒంగోలులో ఆసుపత్రుల దగ్గరి సర్జికల్ దుకాణాల్లో అడగండి. కవర్‌స్లిప్‌లు విరుగుతూనే ఉంటాయి, ఒక డబ్బా ఎక్కువే కొనండి.
- గట్టిగా, తాజాగా ఉన్న ఉల్లిపాయలు. మెత్తబడినవి, మొలకెత్తినవి వద్దు.
- సఫ్రానిన్ రంగు. లేకపోతే మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్ గానీ బెటాడిన్ ద్రావణం గానీ నీళ్లు కలిపి లేత టీ రంగుకు తెచ్చుకోవచ్చు.
- డ్రాపర్, సన్న బ్రష్, సూది, పట్టకారు, బ్లేడు, రెండు చిన్న గిన్నెలు, అద్దుడు కాగితం.
- మంచినీళ్లు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. తీరం పక్క ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో చేసిన స్లైడు అంచులు ఆరుతున్నప్పుడు ఉప్పు స్ఫటికాలు ఏర్పడతాయి. పిల్లలు వాటిని చూసి “సార్, కణాలు మెరుస్తున్నాయి” అంటారు. తాగడానికి తెచ్చుకునే క్యాను నీళ్లే వాడండి.
- తెల్లకాగితాలు, పెన్సిళ్లు, మిల్లీమీటర్ల గీతలున్న పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు.

కవర్‌స్లిప్‌లు అయిపోతే ఒక ఉపాయం ఉంది. మనది అభ్రకానికి పేరున్న ప్రాంతం. సైదాపురం, గూడూరు వైపు పిల్లల ఇళ్లలో అభ్రకం ముక్కలు దొరుకుతాయి. మరకల్లేని ముక్కను గోటితో పొరలుగా విడదీసి, బాగా పల్చటి రేకును చతురస్రంగా కత్తిరించండి. గాజు కవర్‌స్లిప్‌లు రాకముందు స్లైడ్లు చేసేవాళ్లు అభ్రకం రేకులనే వాడేవారు. 10ఎక్స్ కటకం కింద ఇది చక్కగా పనిచేస్తుంది. 40ఎక్స్ దగ్గర మాత్రం రేకు ఏ కొంచెం మందంగా ఉన్నా బొమ్మ మసకబారుతుంది.

ముందు రోజు చేయవలసినవి

1. సూక్ష్మదర్శినిని బయటకు తీసి, ఒక చేత్తో దాని భుజాన్ని, రెండో చేత్తో పీఠాన్ని పట్టుకుని బల్ల మీద పెట్టండి. అక్షి కటకాన్ని, వస్తు కటకాలను ముందు ఊది, ఆ తర్వాత కటకాల కాగితంతో గానీ ఉతికిన మెత్తటి నూలుగుడ్డతో గానీ తుడవండి. ఊదకుండా తుడిస్తే కటకం మీదున్న ఇసుక రేణువే గీతలు పెడుతుంది. చొక్కా అంచుతో, చీర కొంగుతో తుడవవద్దు.

2. తుడిచినా మచ్చలు కనిపిస్తుంటే అవి ఎక్కడున్నాయో కనిపెట్టండి. చూస్తూనే అక్షి కటకాన్ని మెల్లగా తిప్పండి. మచ్చ కూడా తిరిగితే అది అక్షి కటకం మీద ఉంది. స్లైడును జరపండి. మచ్చ జరిగితే స్లైడు మీద ఉంది. రెండింటికీ కదలకపోతే వస్తు కటకాన్ని మరోసారి తుడవండి. ఈ పరీక్షను పిల్లలకు కూడా నేర్పండి. ఈ ఒక్కటి నేర్చుకున్న పిల్లలు ధూళిని చూసి మోసపోరు.

3. వెలుతురు చూసుకోండి. అద్దం ఉన్న సూక్ష్మదర్శిని అయితే కిటికీ దగ్గర, ఆకాశం వైపు తిప్పి పెట్టండి. అద్దాన్ని ఎప్పుడూ నేరుగా సూర్యుడి వైపు తిప్పవద్దు. ఆ వెలుగు కటకాల గుండా కంట్లోకి చేరితే చూపు దెబ్బతింటుంది. ఈ హెచ్చరికను తరగతి మొదట్లో ఒకసారి, మొదటి బిడ్డ కన్ను పెట్టే ముందు మరోసారి చెప్పండి. ఎండ పడే బల్ల దగ్గర సూక్ష్మదర్శినిని అసలు ఉంచకండి.

   మన జిల్లాల్లో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. కణం పాఠం ఆ నెలల్లో వస్తే, మబ్బు పట్టిన రోజు అద్దం మీద ఆధారపడలేం. చిన్న ఎల్‌ఈడీ టార్చికి పల్చటి తెల్లకాగితం అడ్డం కట్టి, అద్దానికి ఎదురుగా పెట్టుకోండి. కాగితం లేకపోతే టార్చిలోని దీపం ఆకారమే లోపల కనిపిస్తుంది.

4. ఒక స్లైడును మీరే చేసి చూడండి. ముందు రోజు మీకు కనిపించనిది మర్నాడు పిల్లలకు కనిపించదు.

మొదట అక్షరం, ఆ తర్వాతే ఉల్లిపాయ

సగం తరగతులు ఈ మెట్టును దాటేస్తాయి. దయచేసి వదలకండి. తాము చూస్తున్నది ఏమిటో ముందే తెలిసినప్పుడే పిల్లలు పరికరాన్ని అర్థం చేసుకుంటారు.

5. దినపత్రికలోంచి “క” అక్షరం ఉన్న చిన్న ముక్క కత్తిరించి స్లైడు మీద నీటి చుక్కలో పెట్టి, కవర్‌స్లిప్ కప్పండి. 4ఎక్స్ కటకం ఉంటే దానితో, లేకపోతే 10ఎక్స్‌తో చూపించండి. 10ఎక్స్ కింద అక్షరంలో కొంత భాగమే పడుతుంది, దానికి చిన్న అచ్చు ఎంచుకోండి.

6. స్లైడు మీద అక్షరం ఎటు తిరిగి ఉందో ముందు గీయమనండి. లోపల ఎలా కనిపిస్తోందో పక్కన గీయమనండి. తలకట్టు కిందికి వచ్చి, కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. ఇప్పుడు స్లైడును కుడివైపు జరపమనండి. బొమ్మ ఎడమకు పోతుంది. ఈ రెండు సంగతులు చేతికి అలవాటైతే, తర్వాత కణాన్ని మధ్యకు తెచ్చుకోవడానికి పిల్లలు మీ సాయం అడగరు.

7. అచ్చు సిరా చుక్కలు చుక్కలుగా, కాగితం పీచులు పీచులుగా కనిపించాలి. ఒక్క పీచును గీయగలిగిన బిడ్డకు ఫోకస్ చేయడం వచ్చినట్టే.

ఉల్లిపొర స్లైడు

8. ఉల్లిపాయను నిలువునా నాలుగు ముక్కలు చేయండి. బ్లేడు పని మీరే చేయండి. మధ్యలోని ఒక రేకును విడదీసి, లోపలి వైపు, అంటే గుంటగా ఉన్న వైపు, బయటకు కనిపించేలా పట్టుకుని మెల్లగా వెనక్కి వంచి విరవండి. విరిగిన చోట పల్చటి, పారదర్శకమైన పొర వేలాడుతుంది. దాన్ని పట్టకారుతో లాగితే వచ్చేస్తుంది.

   ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. పొరతో పాటు కింది కండ కూడా వస్తుంది. పొర మీద ఎక్కడైనా తెల్లగా, మందంగా ఉంటే ఆ భాగం పనికిరాదు. అచ్చు అక్షరాల మీద పరిస్తే అక్షరాలు స్పష్టంగా చదవగలగాలి. అదే పరీక్ష.

9. వచ్చిన పొరను వెంటనే నీళ్ల గిన్నెలో వేయండి. గాలికి వదిలితే క్షణాల్లో చుట్టుకుపోతుంది. ఫ్యాను తిరుగుతుంటే ఇంకా త్వరగా. ఈ కాసేపు ఫ్యాను ఆపేయడమే మంచిది.

10. నీటిలోనే, సుమారు అర సెంటీమీటరు చతురస్రంగా కత్తిరించండి. ఎక్కువ మంది ఇంతకు నాలుగింతలు పెట్టి, ముడతలు పడ్డాక బాధపడతారు. చిన్న ముక్కలోనే వందల కణాలుంటాయి.

11. ముక్కను రంగు గిన్నెలోకి మార్చండి. సఫ్రానిన్‌లో అర నిమిషం చాలు. అయోడిన్‌లో రెండు మూడు నిమిషాలు ఉంచండి. తీసి మళ్లీ నీళ్లలో ఒకసారి కడగండి. కడగకపోతే పొరంతా ఒకే ఎరుపుగా కనిపించి, కేంద్రకం అందులో కలిసిపోతుంది. రంగు చేతులకు, యూనిఫాంకు అంటితే అంత తేలిగ్గా పోదు కాబట్టి బల్ల మీద పాత పత్రికలు పరవండి.

12. స్లైడు మధ్యలో ఒక నీటి చుక్క వేసి, బ్రష్‌తో పొరను అందులోకి చేర్చి, సూదితో అంచులు సరిచేసి ముడతలు లేకుండా పరవండి.

13. కవర్‌స్లిప్ ఒక అంచును నీటి చుక్క పక్కన ఆనించి, 45 డిగ్రీల వాలుగా పట్టుకుని, రెండో అంచును సూది మీద ఆపి మెల్లగా దించండి. పైనుంచి టపీమని పడేస్తే గాలి లోపలే చిక్కుకుంటుంది. బుడగలు వస్తే నొక్కకండి. కవర్‌స్లిప్ ఎత్తి, మరో చుక్క నీరు వేసి మళ్లీ దించండి.

14. పక్కకు వచ్చిన నీటిని అద్దుడు కాగితంతో పీల్చండి. కవర్‌స్లిప్ పైభాగం పూర్తిగా పొడిగా ఉండాలి. పైన తడి ఉంటే 40ఎక్స్ కటకానికి అంటుకుంటుంది, ఆ తర్వాత చూసిన ప్రతి ఒక్కరికీ మసకే.

తరగతి గంటసేపు సాగేటట్టయితే నీటి బదులు గ్లిజరిన్ చుక్క వాడండి, స్లైడు ఆరదు. నీటితో చేసినదైతే పది నిమిషాలకోసారి కవర్‌స్లిప్ అంచున ఒక చుక్క అందించండి.

చూడటం

15. అతి తక్కువ శక్తి ఉన్న వస్తు కటకంతోనే మొదలుపెట్టండి. నేరుగా 40ఎక్స్ పెట్టడమే “ఏమీ కనిపించడం లేదు” అనే ఫిర్యాదుకు అసలు కారణం. అంత శక్తి దగ్గర కనిపించే మేర చాలా చిన్నది. పొర లేని చోట పడితే ఖాళీ వెలుగే కనిపిస్తుంది.

16. పక్కనుంచి చూస్తూ, పెద్ద మరతో (వేగంగా జరిపే మరతో) కటకాన్ని స్లైడుకు దగ్గరగా తీసుకురండి. ఆ తర్వాతే అక్షి కటకంలో కన్ను పెట్టి, కటకం, స్లైడు దూరం జరిగేటట్టు మరను తిప్పుతూ బొమ్మ కోసం చూడండి. లోపల చూస్తూ దగ్గరకు తిప్పితే స్లైడు పగులుతుంది, కటకం గీసుకుపోతుంది.

17. బొమ్మ దొరికాక కాంతిని తగ్గించండి. వేదిక (స్లైడు పెట్టే పలక) కింద ఉన్న డయాఫ్రమ్‌ను సగం మూయండి. ఎక్కువ వెలుగు ఉంటే బాగా కనిపిస్తుందని అందరూ అనుకుంటారు. పారదర్శకమైన కణాల విషయంలో అది తలకిందులు. వెలుగు ఎక్కువైతే గోడలు, కేంద్రకం ఆ తెలుపులో కనుమరుగవుతాయి.

18. ఒక మంచి కణాన్ని సరిగ్గా మధ్యకు తెచ్చి, అప్పుడే 40ఎక్స్‌కు మార్చండి. ఇక్కడి నుంచి చిన్న మర (కొద్దికొద్దిగా జరిపేది) తప్ప పెద్ద మరను తాకకూడదు. ఈ కటకానికి, కవర్‌స్లిప్‌కు మధ్య మిగిలే ఖాళీ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పిల్లలు మరచిపోతారనుకుంటే పెద్ద మర మీద కాగితం అంటించి “వద్దు” అని రాయండి.

19. రెండు కళ్లూ తెరిచే చూడమనండి. ఒక కన్ను మూస్తే ముఖం బిగుసుకుని త్వరగా అలసిపోతారు. మొదట కష్టంగా ఉంటే రెండో కంటికి అరచేయి అడ్డం పెట్టుకోవచ్చు. కళ్లద్దాలున్న పిల్లలు వాటిని తీసి, చిన్న మరతో తమకు తగ్గట్టు సరిచేసుకోవచ్చు. తర్వాత వచ్చిన వాళ్లకు మసకగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. వాళ్లు మళ్లీ సరిచేసుకోవాలి, అంతే.

నలభై మంది, ఒక సూక్ష్మదర్శిని

పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరికీ పది సెకన్లు చూపించడం వల్ల ఎవరికీ ఏమీ మిగలదు. తరగతిని నాలుగు జట్లుగా విడదీయండి. ఒక జట్టు ఉల్లిపొర తీస్తుంది, ఇంకొకటి రంగు వేసి స్లైడు చేస్తుంది, మూడోది చూస్తుంది, నాలుగోది చూసింది గీస్తుంది. పావుగంటకోసారి జట్ల పని మారుతుంది. రెండు పీరియడ్లు కలిపి అడిగి తీసుకోండి. ఒక్క పీరియడ్‌లో ఇది కుదరదు.

చూసే జట్టులో ప్రతి బిడ్డకూ ఒక చిన్న పని ఇవ్వండి. “చూడు” అని వదిలేయవద్దు. “ఒక కేంద్రకం వెతికి మధ్యకు తీసుకురా” అనండి. ఆ బిడ్డ లేచాక మీరు చూస్తే మధ్యలో కేంద్రకం ఉండాలి. చూసిందీ లేనిదీ అప్పుడే తెలిసిపోతుంది. మీరు కేంద్రకాన్ని చెదరగొట్టి తర్వాతి బిడ్డను పిలవండి.

ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) గానీ స్మార్ట్ టీవీ గానీ ఉన్న బడుల్లో ఫోనుతో మరో సౌకర్యం ఉంది. ఫోను కెమెరాను అక్షి కటకానికి ఆనించి, కొద్ది కొద్దిగా పైకి లేపండి. ఒకటి రెండు సెంటీమీటర్ల లోపల ఒక చోట గుండ్రటి వెలుగు తెర నిండుతుంది. అక్కడే నిలపాలి. చేతులు వణుకుతాయి కాబట్టి అక్షి కటకానికి సరిపడే పీవీసీ పైపు ముక్కను తొడిగి, దాని మీద ఫోను ఆనిస్తే నిలుస్తుంది. ఆ ఫోటోను తెర మీద పెట్టి చర్చించండి. అయితే తెర మీద చూపించడం కంటితో చూడటానికి బదులు కాకూడదు. ముందు కన్ను, తర్వాత తెర. ఈ వరుస తిరగబడితే పిల్లలకు అది మరో వీడియో మాత్రమే.

సూక్ష్మదర్శినే లేని బడులు కూడా ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాష్ బృందం తయారుచేసిన ఫోల్డ్‌స్కోప్ అనే మడత కాగితపు సూక్ష్మదర్శిని సుమారు 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. ఉల్లిపొరకు, చెరువు నీటికి అది చాలు. ఒకటి సంపాదించుకుంటే పిల్లలు ఇంటికి కూడా పట్టుకెళ్లవచ్చు.

పిల్లలు కణమనుకునేవి, కణం కానివి

గాలిబుడగలు: చక్కటి గుండ్రం, చుట్టూ మందంగా నల్లటి అంచు, లోపల ఏమీ ఉండదు. కవర్‌స్లిప్‌ను సూదితో కొద్దిగా తాకితే కదులుతాయి, ఆకారం మారుతుంది. ఉల్లి కణాలు ఎప్పుడూ గుండ్రంగా, విడివిడిగా ఉండవు. పొడవుగా, ఒకదానికొకటి అంటుకుని, ఖాళీ లేకుండా ఉంటాయి. మీరే కావాలని ఒక బుడగ స్లైడు చేసి ముందే చూపించడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి పద్ధతి. బుడగను ఒకసారి బుడగగా చూసినవాళ్లు మళ్లీ పొరబడరు.

కనురెప్ప వెంట్రుకలు: నల్లటి గీతలు, కన్నార్పితే కదులుతాయి. “సార్, పురుగు కదులుతోంది” అనే మాట ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది.

నూలు పోగులు: పొడవుగా, మెలికలు తిరిగి, స్లైడు ఈ చివర నుంచి ఆ చివరకు పోతాయి. తుడిచిన గుడ్డలోంచి వచ్చినవి.

మడత పడిన పొర: గీతల మీద గీతలు కనిపిస్తాయి, కణాలు ఒకదానిలో ఒకటి ఉన్నట్టుంటాయి. పొర ఒకే వరుస ఉన్న చోటికి జరపండి.

స్లైడును తలకిందులుగా పెట్టడం: 10ఎక్స్ కింద బొమ్మ కనిపిస్తుంది, 40ఎక్స్ కింద ఎంత తిప్పినా స్పష్టంగా రాదు. స్లైడు గాజు మందం మధ్యలో అడ్డుపడుతుంది. కవర్‌స్లిప్ పైకి ఉందో లేదో చూడండి.

ఇక చూసినవాళ్లలో కూడా మిగిలే రెండు అపోహలున్నాయి. ఒకటి, “కొన్ని కణాలకు కేంద్రకం లేదు” అనేది. ఉంది. మీరు ఫోకస్ చేసిన లోతులో అది లేదు. కణం కాగితం మీది బొమ్మ కాదు, అగ్గిపెట్టెలాగా దానికి మందం ఉంది. చిన్న మరను అటూ ఇటూ కొద్దిగా తిప్పితే ఒక కేంద్రకం మసకబారుతూ మరొకటి స్పష్టమవుతుంది. దీన్ని ప్రతి బిడ్డ చేత చేయించండి. పెద్ద రిక్తిక (ద్రవంతో నిండిన సంచి) మధ్యలో ఉండటం వల్ల కేంద్రకం ఎక్కువగా గోడ పక్కకు నెట్టబడి ఉంటుంది. రికార్డులో సరిగ్గా మధ్యలో గీసిన కేంద్రకాలు చాలా వరకు పుస్తకం నుంచి వచ్చినవే.

రెండోది, మొక్క కణం కాబట్టి హరితరేణువులు ఉండి తీరాలనుకోవడం. ఉల్లిపాయ నేలలో, వెలుగు తగలకుండా పెరిగేది. దాని పొరలో పచ్చటి హరితరేణువులు కనిపించవు. బొమ్మలో ఆకుపచ్చ చుక్కలు పెట్టిన బిడ్డను తిట్టకండి. “ఎక్కడ చూశావో చూపించు” అని మళ్లీ సూక్ష్మదర్శిని దగ్గరకు పంపండి.

సరిగ్గా చూశారా? ఎలా తెలుసుకోవాలి

బొమ్మ గీసేటప్పుడు పుస్తకాలు సంచుల్లో ఉండాలి. మూడు నాలుగు కణాలు గీస్తే చాలు, ఎన్ని రెట్లు పెద్దదిగా చూశారో పక్కన రాయాలి. 10ఎక్స్ అక్షి కటకం, 10ఎక్స్ వస్తు కటకం కలిస్తే 100 రెట్లు. 40ఎక్స్ అయితే 400 రెట్లు. అందరి బొమ్మలూ ఒకేలా ఉంటే అనుమానించండి. నిజంగా చూసి గీసిన బొమ్మల్లో కణాలు వంకరగా, వేర్వేరు పొడవుల్లో ఉంటాయి.

తర్వాత కొలత. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ప్లాస్టిక్ స్కేలును వేదిక మీద పెట్టి 10ఎక్స్ వస్తు కటకంతో చూడండి. గుండ్రటి వెలుగు అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు ఉందో లెక్కపెట్టండి. సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు మధ్య వస్తుంది. 1.8 అనుకుందాం. అంటే 1800 మైక్రోమీటర్లు. ఇప్పుడు ఉల్లిపొరను పెట్టి, ఆ అడ్డుకొలతలో కణాలు పొడవు వైపు ఎన్ని పడుతున్నాయో లెక్కించండి. ఆరు పడితే ఒక్కొక్కటి 300 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త తక్కువ. ఉల్లి కణాలకు ఇది నమ్మదగిన కొలత. మీ పిల్లల జవాబు 20 అనో 2000 అనో వస్తే లెక్క తప్పింది, లేదా చూసింది కణాన్ని కాదు. 40ఎక్స్ కింద స్కేలు గీతలు పట్టవు. 10ఎక్స్ దగ్గర వచ్చిన అడ్డుకొలతను నాలుగుతో భాగించుకోండి.

మరో అడుగు వేయాలనుకుంటే

రంగే లేకపోతే రియో మొక్క వెతకండి. ఆకు అడుగు ఊదా రంగులో ఉండే ఆ మొక్క చాలా బడుల పూలకుండీల్లో ఉంటుంది. ఆకును చీల్చి అడుగు పొరను తీస్తే రంగు వేయకుండానే ఊదా కణాలు, వాటి మధ్య పత్రరంధ్రాలు కనిపిస్తాయి. రణపాల ఆకు పొర కూడా సులువుగా వస్తుంది.

ఎర్ర ఉల్లిపాయ రేకు బయటి వైపు ఊదా పొరతో ఉప్పు ప్రయోగం చేయండి. సుమారు అర గ్లాసు, అంటే 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక చెంచా ఉప్పు కరిగించి, కవర్‌స్లిప్ ఒక అంచున ఒక చుక్క వేసి, రెండో అంచున అద్దుడు కాగితంతో నీటిని లాగండి. కొద్ది నిమిషాల్లో ఊదా భాగం కణకవచాన్ని వదిలి లోపలికి ముడుచుకుంటుంది. కవచం వేరు, దాని లోపలి పొర వేరు అని ఎంత చెప్పినా అర్థం కాని విషయం అక్కడ కళ్ల ముందు జరుగుతుంది. మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే నీరు ఎందుకు ఊరుతుందో అడగండి. పిల్లలు ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పే పాఠం అదే అవుతుంది.

జంతుకణానికి బుగ్గ లోపలి కణాలు వాడతారు. ఎవరికి వారే, కొత్త ఐస్‌క్రీం పుల్లతో, తమ బుగ్గ లోపలి వైపు మాత్రమే మెల్లగా రాయాలి. ఇష్టం లేనివారిని బలవంతపెట్టవద్దు. జలుబు, నోటిపూత ఉన్నవారు చేయకూడదు. స్లైడు మీద ఒక చుక్క నీటిలో రుద్ది, మిథిలిన్ బ్లూ ఒక చుక్క వేసి కప్పండి. ఆ రంగు అక్వేరియం దుకాణాల్లోనూ దొరుకుతుంది. గోడ లేకుండా, అంచులు సక్రమంగా లేని పల్చటి కణాలు, మధ్యలో ముదురు నీలం కేంద్రకం కనిపించాలి. వాడిన పుల్లలను, స్లైడ్లను బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటిలో వేయండి. వేలు గుచ్చి రక్తం తీయడం మాత్రం తరగతిలో వద్దు, ఏ కారణంతోనూ.

చెరువు నీటి కోసం పిల్లలను గట్టుకు పంపకండి. పెద్దలెవరైనా ఒక సీసాలో, నాచు ఉన్న చోట నుంచి తేవాలి. హైడ్రిల్లా కొమ్మ దొరికితే దాని లేత ఆకును మొత్తంగా నీటి చుక్కలో పెట్టి 40ఎక్స్‌తో చూడండి. హరితరేణువులు కనిపించడమే గాక, కాస్త ఓపిక పడితే కణం అంచు వెంట అవి మెల్లగా జరగడం కూడా చూడవచ్చు. రొయ్యల గుంటలున్న ఊళ్లలో గుంట నీటిని కూడా తెప్పించి రెండింటినీ పోల్చండి. ఆ నీటి పచ్చదనం సూక్ష్మమైన శైవలాలదని పిల్లలు తామే కనుక్కుంటారు. ఇంట్లో వాళ్లు రోజూ “నీటి రంగు” గురించి ఎందుకు మాట్లాడుకుంటారో అప్పుడు తెలుస్తుంది.

అయిపోయాక

తక్కువ శక్తి కటకాన్ని మధ్యకు తిప్పి, స్లైడు తీసి, వేదికను పొడిగుడ్డతో తుడవండి. పగిలిన గాజును చీపురుతో ఎత్తి విడిగా కాగితంలో చుట్టి పారేయండి. కటకాల మీద బూజు మన తీరప్రాంతపు తేమలో పెద్ద బెడద. ఒకసారి పట్టిందంటే కటకం మీద సాలెగూడు గీతలు మిగిలిపోతాయి. సూక్ష్మదర్శినిని ప్లాస్టిక్ సంచి కప్పి, లోపల రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు పెట్టి ఉంచండి. వానాకాలంలో పదిహేను రోజులకోసారైనా బయటకు తీసి, నీడలో గాలి తగలనివ్వండి. ఏడాదంతా తాళం వేసిన బీరువాలో ఉన్నదే ముందు పాడవుతుంది.

వచ్చే వారం కదిలే జీవులను చూపించాలనుకుంటే, ఈ రోజే ఒక గాజు సీసాలో గుప్పెడు వరిగడ్డి ముక్కలు ఉడికించిన నీటిని చల్లార్చి పోసి, అందులో కొద్దిగా చెరువు నీరు కలిపి, పల్చటి గుడ్డ కట్టి ఎండ తగలని చోట పెట్టండి. క్లోరిన్ కలిసిన కుళాయి నీరు వాడేటట్టయితే ఒక రోజు తెరిచి ఉంచాకే వాడండి. నాలుగైదు రోజులకు పైన పల్చటి తెట్టు కడుతుంది. ఆ తెట్టు కింద నుంచి ఒక చుక్క తీసి, రెండు దూది పోగులు వేసి చూడండి. పోగులు అడ్డుపడటం వల్ల పారమీషియంలు (ఒకే కణంతో బతికే జీవులు) వేగంగా తప్పించుకోలేవు, గీయడానికి పిల్లలకు సమయం దొరుకుతుంది. మొదటి చుక్కలో ఏమీ లేకపోతే మరో రెండు రోజులు ఆగి చూడండి.